గుట్ట మీద సుబాబుల్ మళ్లీ మొలవకుండా తీసేయడం ఎలా

"గుట్ట మీది సుబాబుల్ చెట్లన్నీ కొట్టించాం. వానలు పడగానే ఒక్కో మొద్దుకు గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వచ్చాయి, కింద నేలంతా నారుమడిలా మొలిచింది. ఇప్పుడేం చేయాలి?" హైదరాబాద్‌లో రాతిగుట్టలను ఆనుకుని ఉన్న కాలనీల వాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. కొట్టే పని దాదాపు అందరూ బాగానే చేయిస్తారు. జరగనివి రెండు: కొట్టడానికి ముందు చేయాల్సిన పని, కొట్టాక కనీసం మూడు వానాకాలాల పాటు చేయాల్సిన పని.

చుట్టూ సముద్రం ఉన్న ద్వీపంలో బయటి చెట్టు పాతుకుపోతే ఏమవుతుందో, చుట్టూ కాంక్రీటు ఉన్న గుట్ట మీదా అదే అవుతుంది. అక్కడి మొక్కలకు పక్కకు జరగడానికి చోటుండదు. న్యూజిలాండ్‌లో కలప కోసం, మట్టి కోత ఆపడం కోసం బయటి నుంచి తెచ్చి నాటిన పైన్ చెట్లు గాలికి విత్తనాలు చల్లుకుంటూ పచ్చిక కొండలను కమ్మేశాయి. 2016 నుంచి వాటిని తీయడానికి అక్కడ జాతీయ స్థాయి కార్యక్రమమే నడుస్తోంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జాతుల (బయటి నుంచి వచ్చి స్థానిక జీవులను తోసేసేవాటి) జాబితాలో ఒక పైన్ జాతి ఉంది, మన దగ్గరికి బయటి నుంచే వచ్చిన సుబాబుల్ కూడా ఉంది. పైన్ మీద పనిచేసినవాళ్ల పద్ధతుల్లో రెండు మనకు బాగా పనికొస్తాయి. ఒకటి మాత్రం ఇక్కడ అస్సలు పనిచేయదు. ఏవి ఏమిటో ఆయా చోట్ల చెబుతాం.

ఖమ్మం, ప్రకాశం వైపు కాగితం గుజ్జు కోసం పొలంలో సుబాబుల్ వేసే రైతులకు ఇది పంట. ఈ మార్గదర్శి వాళ్ల పొలాల గురించి కాదు. గుట్టలు, చెరువు కట్టలు, కాలనీ ఖాళీ జాగాల గురించి.

1. ముందు చెట్టును సరిగ్గా పోల్చుకోండి

కూలీలకు "తుమ్మలాంటి చెట్టు" అని చెప్పి వదిలేస్తే దిరిసెన, నల్లతుమ్మ కూడా నేలకూలుతాయి. ఆ తప్పును దిద్దుకోలేం. ఈ గుర్తులు చూసుకోండి:

- ముళ్లు ఉండవు. ముళ్లు, పసుపు పూలు ఉంటే అది సుబాబుల్ కాదు.
- పువ్వు తెల్లగా, గుండ్రంగా, చిన్న బంతిలా ఉంటుంది.
- కాయలు చదునుగా, 10 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుతో గుత్తులుగా వేలాడతాయి. ఎండితే గోధుమ రంగులోకి మారి రెండుగా చీలుతాయి.
- దిరిసెన కాయలు దీనికన్నా వెడల్పు, ఎండుగడ్డి రంగు. గాలికి గలగలమంటాయి. దాని ఆకు రెబ్బలు కూడా పెద్దవి.

మొలకల దగ్గరే తికమక ఎక్కువ. పని మొదలుపెట్టే ముందు తల్లిచెట్టు కిందనే జానెడు మొక్కలు రెండు మూడు పీకి, అందరికీ చూపించి, పని జరుగుతున్నంతసేపు నమూనాగా దగ్గర పెట్టుకోండి. అనుమానం ఉన్న మొక్కను ఆ రోజుకు వదిలేయండి. వచ్చే నెల చూసినా ఉంటుంది.

2. అనుమతి, పని మొదలుపెట్టే కాలం

తెలంగాణలో చెట్లు కొట్టడం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కిందికి వస్తుంది. ఫలానా జాతికి అనుమతి అక్కర్లేదని ఎవరో నోటిమాటగా చెప్పారని గొడ్డలి ఎత్తకండి. అటవీ రేంజ్ కార్యాలయానికి, నగర పాలక సంస్థలో చెట్ల పని చూసే విభాగానికి ఫొటోలతో, చెట్ల లెక్కతో దరఖాస్తు పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. గుట్ట ఎవరి ఆధీనంలో ఉందో కూడా ముందే తేల్చుకోండి. కొన్ని రాతి అమరికలకు వారసత్వ రక్షణ ఉంది, అక్కడ రాయిని కదిలించడానికి వీల్లేదు.

దరఖాస్తు, సర్వే ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలి. కాయలు తెంపడం, పెద్ద చెట్లు కొట్టడం జూన్ లోపు ముగించాలి. మొక్కలు పీకడం జులై, ఆగస్టులలో, నేల బాగా నానిన రోజుల్లో. ఎండాకాలంలో పీకితే కాండం తెగి చేతికొస్తుంది, వేరు లోపలే ఉండిపోతుంది. అదే మొక్క నాలుగు కొమ్మలతో తిరిగొస్తుంది.

3. గుట్టను గడులుగా విభజించి లెక్క రాయండి

నైలాన్ తాడు, ముగ్గుపిండి చాలు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గడులు గీసి, ప్రతి గడికీ ఒక సంఖ్య ఇవ్వండి. ఒక్కో గడిలో మూడు లెక్కలు రాయాలి: కాయలున్న చెట్లు, కాయలు లేని చెట్లు, నడుం ఎత్తు లోపు మొక్కలు. మొక్కలు వందల్లో ఉంటే లెక్కపెట్టక్కర్లేదు, "చాలా" అని రాస్తే సరిపోతుంది.

కాయలున్న చెట్టుకు ఎర్ర రంగు, లేనిదానికి తెల్ల రంగు పూయండి. ఉంచాల్సిన మోదుగ, రేల, జువ్వి, అంకుడు లాంటి వాటికి గుడ్డ పీలిక కట్టండి. రాతి దొనలు, అంటే బండల మీద వాననీళ్లు నిలిచే గుంతలు, ఎక్కడున్నాయో పటంలో వేసుకోండి. వానాకాలంలో కప్పలు, చిన్న నీటి మొక్కలు బతికేది వాటిలోనే. వాటి పైవాలులో ఏ రసాయనమూ వాడకూడదు.

ఈ లెక్క లేకపోతే రెండో ఏడు పని ముందుకు పోయిందో వెనక్కు పోయిందో ఎవరికీ తెలియదు. ఎవరి కంటికి తోచింది వారు చెబుతారు.

4. సామాన్లు

ఆరుగురి బృందానికి:

- గడ్డపారలు 2, పారలు 2, గొడ్డలి 1, చేతిరంపాలు 2, కొడవళ్లు 3
- మందపాటి చేతి తొడుగులు 6 జతలు, మోకాళ్ల వరకు వచ్చే బూట్లు
- కాయల కోసం చిరుగులు లేని ప్లాస్టిక్ ఎరువుల సంచులు, కట్టడానికి తాడు
- చెట్టు కింద పరచడానికి పాత టార్పాలిన్ ఒకటి
- మొద్దులు కప్పడానికి వెలుతురు చొరబడని నల్ల టార్పాలిన్
- ఎర్ర, తెల్ల రంగులు, ముగ్గుపిండి, నోటు పుస్తకం
- తాగునీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె

రాళ్ల సందుల్లో పాములు, తేళ్లు ఉంటాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. చెట్టు మీద పక్షి గూడు కనబడితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టును ఆపండి. ఆలోపు దాని కాయలు తెంపుతూ ఉంటే చాలు.

5. ఎక్కడ మొదలుపెట్టాలి

అందరూ చిట్టడవిలా కమ్ముకున్న చోటే మొదలుపెడతారు, ఎందుకంటే అక్కడే కంటికి ఎక్కువ కనబడుతుంది. పైన్ మీద పనిచేసినవాళ్ల నుంచి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం దీనికి వ్యతిరేకం: దూరంగా ఒంటరిగా నిలిచిన చెట్లను ముందు తీయాలి. గుంపు మధ్యలోని చెట్టు విత్తనాలు అప్పటికే పాడైన నేల మీదే పడతాయి. ఒంటరి చెట్టు ఇంకా చెడని చోట కొత్త గుంపును మొదలుపెడుతుంది.

రెండో పాఠం మన గుట్టలకు తగ్గట్టు కాస్త మారుతుంది. తేలికపాటి రెక్కలున్న పైన్ గింజను గాలి మోసుకుపోతుంది, అందుకే వాళ్లు గాలి దిక్కు చూసుకుంటారు. సుబాబుల్ గింజకు రెక్కలు లేవు. అది చెట్టు కిందే పడుతుంది, తర్వాత వాననీటితో పల్లానికి కొట్టుకుపోతుంది. కాబట్టి మనం వాలు చూసుకోవాలి. క్రమం ఇలా ఉండాలి:

1. గుట్ట పైభాగంలోని ఒంటరి చెట్లు
2. మధ్య వాలులోని ఒంటరి చెట్లు
3. దొనలకు, వాననీటి దారులకు పైన ఉన్నవి
4. గుంపుల అంచులు, అక్కడి నుంచి లోపలికి
5. గుంపుల నడిభాగం, అన్నిటికన్నా చివర

ఒకేసారి గుట్టంతా బోడి చేయకండి. సుబాబుల్ గింజకు గట్టి పెంకు ఉంటుంది, మట్టిలో పదేళ్లకు పైగా కూడా బతికుంటుంది. నీడ పోయి ఎండ తగిలితే కింద నిద్రపోతున్న గింజలన్నీ లేచి కూర్చుంటాయి. వచ్చే ఏడాది ఎన్ని గడుల్లో మొలకలు పీకగలరో ముందు తేల్చుకుని, ఈ ఏడాది అన్ని గడులే తెరవండి. మాకు తెలిసినంతలో ఈ పని చెడిపోయే చోట్ల ఎక్కువగా ఇక్కడే చెడుతుంది: ఒక ఆదివారం వందమంది వచ్చి ఎకరం కొట్టేస్తారు, వచ్చే ఏడు దాన్ని కాచుకోవడానికి ఐదుగురు మిగలరు.

6. కాయలు ముందు, గొడ్డలి తర్వాత

ఎర్ర రంగు పూసిన చెట్టు కింద టార్పాలిన్ పరవండి. అందినంతవరకు కాయల గుత్తులను కొడవలితో కోసి సంచిలో వేయండి. అందని కొమ్మలను రంపంతో కోసి, టార్పాలిన్ మీదికి నెమ్మదిగా దించి, అక్కడే కాయలు తెంపండి. ఎండుకాయలున్న చెట్టును ఒక్కసారిగా పడగొడితే ఆ దెబ్బకు కాయలు పగిలి గింజలు రాళ్ల సందుల్లోకి దూరతాయి.

పచ్చికాయలను తేలిగ్గా తీసుకోకండి. ముదిరిన పచ్చికాయ కోసిన కొమ్మ మీదే ఎండి చీలిపోతుంది. అందుకే కొమ్మలను కాయలతో కుప్పవేసి వదలకూడదు.

7. మొలకలు, చిన్న మొక్కలు

మంచి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే పీకండి. కాండాన్ని నేలకు ఆనించి పట్టుకుని నిట్టనిలువుగా లాగాలి. పక్కకు వంచి లాగితే మెడ దగ్గర, అంటే కాండం, వేరు కలిసే చోట, తెగుతుంది.

సుబాబుల్ ముందు తల్లివేరునే లోతుకు దించుతుంది. అందుకే మోకాలి ఎత్తు లోపు మొక్క చేతికి వస్తుంది, ఆపైన పెరిగినదానికి పక్కన గడ్డపార దించి మట్టి వదులు చేయాలి. పీకిన మొక్క వేరు చూడండి: పొడవుగా, కొన దాకా వచ్చిందంటే పని అయినట్టు. మెడ దగ్గరే తెగిందంటే ఆ చోట ముగ్గు వేసి, అరచేతి లోతు తవ్వి మెడ భాగాన్ని తీసేయండి.

పీకిన గుంతను కాలితో తొక్కి మట్టి సర్దేయండి. వదులుగా ఉన్న మట్టిలో తర్వాతి మొలకలు ఇంకా తొందరగా వస్తాయి.

8. పెద్ద చెట్లు, మొద్దులు

పైన్ పద్ధతిలో పనికిరానిది ఇక్కడ వస్తుంది. ఎక్కువ పైన్ జాతులను పచ్చని ఆకు ఒక్కటీ మిగలకుండా అట్టడుగున కోస్తే చెట్టు చచ్చిపోతుంది. రంపంతో పని ముగుస్తుంది. సుబాబుల్ అలా కాదు. మెడ దగ్గర, మిగిలిన మొద్దు మీద నిద్రాణంగా ఉన్న మొగ్గలు చెట్టు కొట్టిన కొన్ని వారాలకే చిగురిస్తాయి. పశువుల మేత కోసం దీన్ని పదేపదే కోసుకునేది కూడా ఈ గుణం వల్లే. చుట్టూ ఒక వలయంలా బెరడు ఒలిచినా ఆ వలయం కింది నుంచి చిగుళ్లు వస్తాయి. కాబట్టి మెడ పోవాలి, లేదా మెడకు వెలుతురు అందకూడదు.

మట్టి ఉన్న చోట. చెట్టును నడుం ఎత్తులో కోయండి, అడుగున కాదు. ఆ మిగిలిన భాగమే తర్వాత మీకు పట్టు. మొద్దు చుట్టూ రెండడుగుల వెడల్పు, అడుగు లోతు తవ్వండి. పక్క వేళ్లు కోసి, మెడకు జానెడు కింద తల్లివేరును గొడ్డలితో నరికి, మొద్దును అటూ ఇటూ ఊపి లాగేయండి. తీసిన మొద్దును వేళ్లు పైకి ఉండేలా తలకిందులుగా ఎండలో పెట్టండి. మెడ తడి మట్టికి ఆనకూడదు.

రాతి సందులో. ఇక్కడ తవ్వలేరు. గడ్డపార సందులో పెట్టి తిప్పితే రాయి చీలుతుంది, బండ దొర్లే ప్రమాదం కూడా ఉంది. ఆ పని చేయకండి.

1. మొద్దును రాయికి వీలైనంత దగ్గరగా కోయండి.
2. మిగిలిన బెరడును కొడవలి మొనతో సందు లోపలి దాకా ఒలిచేయండి, తెల్ల కలప కనబడాలి.
3. అంచులు మొద్దుకు అడుగు దూరం దాకా వచ్చేలా నల్ల టార్పాలిన్ రెండు పొరలుగా కప్పి, రాళ్లు పెట్టి బిగించండి.
4. 20 రోజులకొకసారి విప్పి, వచ్చిన చిగుళ్లను వేళ్లతో విరిచేయండి. జానెడు దాటకముందే విరవాలి.
5. వరుసగా రెండు వానాకాలాలు ఇలా చేయాలి.

ఆకు పెరగనిస్తే వేరులో మళ్లీ బలం నిల్వ చేరుతుంది. అందుకే ఒక్కసారి రెండు నెలలు ఆలస్యమైతే అంతకుముందు పడ్డ శ్రమంతా నీళ్లపాలవుతుంది. గడి నంబర్ల వారీగా మనుషులను కేటాయించి, క్యాలెండర్ మీద తేదీలు రాసి పెట్టండి.

కలుపుమందు గురించి. గ్లైఫోసేట్ అనే కలుపుమందును లైసెన్స్ ఉన్న పురుగు నివారణ సంస్థల ద్వారా మాత్రమే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆదేశించింది. కాలనీవాళ్లు సొంతంగా కొని తెచ్చి పోయకండి. లైసెన్స్ ఉన్నవాళ్లను పిలిస్తే అడగాల్సినవి ఇవి: పిచికారీ వద్దు, కోసిన మొద్దు అంచుకు బ్రష్‌తో పూయాలి, కోసిన కొద్ది నిమిషాల్లోనే పూయాలి, ఆరిన కలప మందును పీల్చదు, ఆ రోజు, మర్నాడు వాన సూచన ఉండకూడదు, దొనల దగ్గర, వాననీటి దారుల్లో అసలే వద్దు.

కిరోసిన్, డీజిల్, యాసిడ్, రాళ్ల ఉప్పు పోసేవాళ్లు ఉన్నారు. మెడ చావకపోయినా చుట్టూ మట్టి చస్తుంది, వానకు అది దొనలోకి దిగుతుంది.

9. తీసినదాన్ని ఏం చేయాలి

కాయలు లేని పచ్చి ఆకు మంచి పచ్చిరొట్ట. అక్కడే నేల మీద పలచగా పరిచేయొచ్చు. మేకలకు, గేదెలకు వేసేటట్లయితే మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది. గుర్రాలకు, గాడిదలకు అసలు పెట్టకండి, వెంట్రుకలు రాలిపోతాయి. కాయలున్న కొమ్మను ఏ పశువుకూ వేయొద్దు. గింజలు పేడలో బయటికొచ్చి ఇంకోచోట మొలుస్తాయి.

కాయల సంచులే అసలు తలనొప్పి. ఇంటి కంపోస్టు గుంతలో గింజ చావదు, ఆ ఎరువు ఎక్కడికెళ్తే అక్కడ సుబాబుల్ లేస్తుంది. వేడినీళ్లు పైన పోస్తే చస్తాయనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. విత్తే ముందు ఈ గింజలకు నర్సరీలవాళ్లు చేసే శుద్ధి సరిగ్గా అదే, పెంకు మెత్తబడి అన్నీ ఒక్కసారే మొలుస్తాయి. కొద్దిగా ఉంటే పెద్ద గిన్నెలో వేసి అరగంటకు పైగా కుతకుత ఉడికించండి. ఎక్కువ ఉంటే మూతి బిగించి కట్టి, తడి చెత్తలో కలపకుండా విడిగా అప్పగించండి. గుట్ట మీదే తగలబెట్టకండి. నగరంలో చెత్త కాల్చడం నిషిద్ధం, పైగా మంట వేడికి మట్టిలోని గింజల పెంకులు పగిలి మొలకలు ఇంకా ఎక్కువ వస్తాయి.

10. ఖాళీ నేలను ఖాళీగా వదలొద్దు

సుబాబుల్ వేళ్లు నేలలో నత్రజనిని నింపుతాయి. చెట్టు పోయాక ఆ బలం మీద మొదట లేచేది వయ్యారిభామ. దాన్ని పూత రాకముందే, తొడుగులు వేసుకుని పీకండి. చర్మం దద్దుర్లెక్కే అవకాశం ఉంది.

మొదటి ఏడు గడ్డి రానివ్వండి. గుట్ట మీద పుట్టిన గడ్డి నేలను కప్పితే మొలకలు తగ్గుతాయి. రెండో వానాకాలంలో తంగేడు, వాక్కాయ, బలుసు, రేగు లాంటి పొదలు, లోతు మట్టి ఉన్నచోట రేల, మోదుగ, అంకుడు పెట్టండి. బయటి నుంచి ఎర్రమట్టి ట్రాక్టర్లతో తోలించకండి. ఆ మట్టితో ఏ గింజలు వస్తాయో చెప్పలేం.

పరాయి మొక్కలన్నీ ఒక్కలాంటివి కావు. మన గుట్టల మీది సీతాఫలం కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే, దాన్ని తీయమని మేం చెప్పడం లేదు. క్రిస్మస్ చెట్టంటూ నర్సరీల్లో అమ్మే కుండీ మొక్క నార్ఫోక్ ద్వీపానిది, అసలు పైన్ కూడా కాదు. కుండీలో ఉన్నంతవరకు దానితో బెంగ లేదు. ఏ కొత్త చెట్టునైనా గుట్ట పక్కన నాటే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి:

- రెండు మూడేళ్లలోపే కాయలు కాస్తుందా?
- తోడు చెట్టు లేకుండా ఒంటరిగానే కాస్తుందా?
- నరికితే మళ్లీ చిగురిస్తుందా?
- ఇలాంటి వాతావరణం ఉన్న ఇంకో దేశంలో అదుపు తప్పిందా?

సుబాబుల్‌కు నాలుగింటికీ అవుననే జవాబు. రెండింటికి అవునని వచ్చినా ఆ మొక్కను గుట్ట దగ్గర పెట్టకండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

మొద్దు గుబురుగా చిగిర్చింది. చిగుళ్లను కొడవలితో కోయకండి, మొదలు మిగిలితే మళ్లీ వస్తాయి. వానకు నానిన రోజున మెడ దాకా తవ్వి 8వ అంచెలోని పని చేయండి. అది కుదరకపోతే టార్పాలిన్.

టార్పాలిన్ చినిగింది, లేదా ఎవరో ఎత్తుకుపోయారు. చిగుళ్లు విరిచి ఆ రోజే కొత్తది కప్పండి. మనుషులు తిరిగే చోట దాని మీద చదును రాళ్లు పేర్చేస్తే ఎవరి కంటా పడదు.

మొలకలు వేలల్లో వచ్చాయి, పీకలేకపోతున్నాం. రెండు మూడు ఆకుల దశలో ఉంటే పారతో నేల పైపొరను అంగుళం లోతు మాత్రమే గీకి, ఎండ కాసే రోజు చూసి వేళ్లు పైకి పడేయండి. లోతుగా తవ్వితే అడుగునున్న గింజలు పైకొస్తాయి.

ప్రహరీ అవతల కాయలున్న చెట్టుంది. ఆ స్థలం యజమానితో మాట్లాడి కనీసం కాయలు తెంపడానికి ఒప్పించండి. ఒప్పుకోకపోతే గోడ వెంట మూడు మీటర్ల పట్టీని ప్రతి నెలా చూడాల్సిందే.

12. తిరిగి చూసే క్యాలెండర్

- మొదటి ఏడు: జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి అన్ని గడులు, మొద్దులు మాత్రం 20 రోజులకొకసారి. నవంబరు నుంచి మే దాకా రెండు నెలలకొకసారి.
- రెండో ఏడు: వానాకాలంలో నెలకోసారి. కప్పిన మొద్దులు ఇంకా 20 రోజుల లెక్కే. అప్పటికి గడుల లెక్క తగ్గి ఉంటేనే కొత్త గడులు తెరవండి.
- మూడో ఏడు: జులై, సెప్టెంబరు, డిసెంబరు.
- ఆ తర్వాత: ఏటా మొదటి మంచి వాన పడ్డ మూడు వారాలకు ఒకసారి, పదో ఏడు దాటేవరకు.

మొక్క కొన్ని నెలల్లోనే పూతకు వస్తుంది కాబట్టి వానాకాలం తనిఖీ ఏదీ తప్పకూడదు. తనిఖీలో కాయ ఉన్న మొక్క ఒక్కటి దొరికినా ఆ గడి లెక్కను మళ్లీ మొదటి ఏడు నుంచి మొదలుపెట్టండి.